అమ్మానాన్నలతో స్విట్జర్లాండ్: అంత డబ్బు పెట్టి వెళ్ళడం సబబేనా?

మియాపూర్_మామ
మే నెలలో అమ్మానాన్నలను స్విట్జర్లాండ్ తీసుకెళ్దామని ఆర్నెల్లుగా అనుకుంటున్నాం. నాన్నకు 67, బీపీ ఉంది. అమ్మకు 61, మోకాళ్ళ నొప్పులు. మేమిద్దరం, ఏడేళ్ళ బాబు, మొత్తం ఐదుగురం. నిన్న ట్రావెల్స్ వాళ్ళు ప్లాన్ పంపారు. ఎనిమిది రోజుల్లో పారిస్, జ్యూరిక్, లూసర్న్, టిట్లిస్, ఇంటర్‌లాకెన్, యుంగ్‌ఫ్రావ్, వెనిస్, రోమ్. చూస్తేనే ఆయాసం వచ్చింది. పోనీ స్విట్జర్లాండ్ ఒక్కటే చాలంటే పన్నెండు లక్షలు దాటుతుందంటున్నారు. మా బావేమో "ఆ మంచు కశ్మీర్లో లేదా, ఆ డబ్బుతో నాలుగుసార్లు వెళ్ళి రావచ్చు" అని అమ్మ ముందే అన్నాడు. అప్పట్నుంచి అమ్మ "వద్దులే నాయనా, పిల్లాడి చదువుకు దాచు" అంటోంది. వెళ్ళొచ్చినవాళ్ళు మంచీ చెడూ రెండూ చెప్పండి. ఫోటోలు వద్దు, చాలా చూశాను.

విశాఖ_అల
ముందు చెడు నేను చెప్తాను. జులైలో వెళ్ళాం. ఐదు రోజుల్లో మూడున్నర రోజులు వాన. మంచు కొండ మీద ఉండే యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ రైల్వే స్టేషన్‌కి టికెట్ ఇక్కడి నుంచే కొనేశాం, మనిషికి రెండొందల ఫ్రాంకుల పైనే. పైకెళ్తే నాలుగు వైపులా తెల్లటి మబ్బు, ఎదురుగా ఉన్న మనిషి కూడా కనపడలేదు. పోనీ వాన లేని రోజు హాయిగా ఉందా అంటే ఎండ, గదిలో ఏసీ లేదు, ఫ్యాన్ కూడా లేదు. కిటికీ తీస్తే చర్చి గంట పావుగంటకోసారి. నేను మళ్ళీ వెళ్ళను.

రైలుపిచ్చి
@విశాఖ_అల వానకు ఎవరూ ఏం చేయలేరు గానీ టికెట్ ముందే కొనడం వల్లే దెబ్బ తిన్నారు. ఆ కొండల మీద వెబ్‌క్యామ్‌లు ఉంటాయి, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. పొద్దున్నే ఫోన్లో చూసి, ఆకాశం తేటగా ఉంటేనే స్టేషన్‌కి వెళ్ళి టికెట్ కొనాలి. అందుకే ఒకే ఊళ్ళో ఐదారు రోజులు ఉండమని నేను అందరికీ చెప్తాను. రోజుకో ఊరు మారితే మబ్బు పట్టిన రోజే మన వంతు కొండ వస్తుంది, ఆ రోజు తప్పితే ఇక లేదు.

లెక్కలమాస్టారు
డబ్బు సంగతి. 2024 మేలో నలుగురు పెద్దవాళ్ళం వెళ్ళాం, ఏడు రాత్రులు. విమానం దుబాయ్ మీదుగా మనిషికి దాదాపు డెబ్బై వేలు. గది బదులు రెండు పడగ్గదుల అపార్ట్‌మెంట్, రాత్రికి 210 ఫ్రాంకులు. అందరికీ హాఫ్ ఫేర్ కార్డు తీసుకున్నాం, అప్పట్లో 120 ఫ్రాంకులు, నెల రోజులపాటు రైళ్ళు, బస్సులు, పడవలు, చాలా కొండ రైళ్ళు అన్నీ సగం ధరకే. తిండి ఎక్కువగా ఇంట్లోనే. వీసా, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఏడు లక్షల చిల్లర. అప్పటికి ఫ్రాంకు వంద రూపాయలు దాటలేదు, ఇప్పుడు దాటింది కాబట్టి మీరు కొంచెం ఎక్కువే వేసుకోండి. అయినా ఐదుగురికి పన్నెండు అక్కర్లేదు, బాబుకు అక్కడ రైలు, బస్సు ఖర్చే ఉండదు. పెద్దవాళ్ళు స్విస్ ట్రావెల్ పాస్ గానీ హాఫ్ ఫేర్ కార్డు గానీ తీసుకుంటే ఫ్యామిలీ కార్డు ఉచితంగా ఇస్తారు, దానితో 6 నుంచి 15 ఏళ్ళ పిల్లలు అమ్మానాన్నలతో ఉచితంగా తిరగొచ్చు. ఆరేళ్ళలోపు వాళ్ళకు ఎలాగూ టికెట్ లేదు.

ఇంకొకటి, ట్రావెల్స్ ప్యాకేజీ ధర మీద టీసీఎస్ అని ముందస్తు పన్ను వసూలు చేస్తారు. అది పోయిన డబ్బు కాదు, రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుబాటవుతుంది. కానీ అప్పటిదాకా మన చేతి నుంచి కట్టాలి.

సంచారి
బావగారి మాటలో తప్పేముంది? స్పితి, జన్స్కార్, తవాంగ్ చూసినవాడికి ఆల్ప్స్ చిన్న కొండలే. స్విస్ పోస్టర్ల మీద కనిపించే మాటర్‌హార్న్ ఎత్తు 4,478 మీటర్లు. మన ఖార్దుంగ్ లాలో బైకులు దానికంటే ఎత్తున తిరుగుతున్నాయి. అక్కడి డబ్బు అక్కడికే, మన కొండ ఊళ్ళకు నాలుగు రూపాయలు వెళ్ళినా మంచిదే కదా.

ఓరుగల్లుపిల్ల
@సంచారి ఎత్తు లెక్కలు పక్కన పెట్టండి అన్నా. ఆయన అడిగింది మోకాళ్ళ నొప్పులున్న అమ్మ గురించి. నేను మా అమ్మను లడఖ్ తీసుకెళ్ళాను, స్విట్జర్లాండ్ కూడా తీసుకెళ్ళాను. లడఖ్ అందం అందమే, కాదనను. కానీ ఎనిమిది గంటలు కారులో కూర్చుని, దారిలో బాత్రూమ్ లేక ఆవిడ నీళ్ళు తాగడం మానేసింది. అది ఇప్పటికీ నాకు బాధే. స్విట్జర్లాండ్‌లో ఆ బాధ లేదు. ప్లాట్‌ఫామ్ నుంచి చాలా రైళ్ళలోకి మెట్టెక్కకుండా నడిచి వెళ్ళొచ్చు, స్టేషన్లలో లిఫ్టో ర్యాంపో ఉంటుంది. ఎక్కడ దిగితే అక్కడ బెంచీ.

గ్రిండెల్‌వాల్డ్ దగ్గర ఒక సాయంత్రం చెప్తాను. మా అమ్మ ముప్ఫై ఏళ్ళు పాడి చేసిన మనిషి. దారి పక్కన కంచె అవతల ఆవులు మేస్తున్నాయి, ఒక్కోదాని మెడలో చెంబంత గంట. మేమంతా కొండ వైపు చూస్తుంటే అమ్మ మాత్రం ఆవుల పొదుగులు చూస్తోంది. అంతలో ఆ ఇంటావిడ బకెట్టు పట్టుకుని బయటకొచ్చింది. ఆవిడకు జర్మన్ తప్ప రాదు, అమ్మకు తెలుగు తప్ప రాదు. అమ్మ ఆవును చూపించి, పాలు పితికినట్టు చేతులు ఆడించి, ఎన్ని అన్నట్టు వేళ్ళు విప్పింది. ఆవిడ రెండు చేతులూ రెండుసార్లు చూపించింది, ఇంకో రెండు వేళ్ళు కలిపింది. "ఇరవై రెండు లీటర్లా!" అని అమ్మ నోరు తెరిచింది. తర్వాత గడ్డి పీకి వాసన చూశారు, ఇద్దరూ కలిసి దూడ చెవులు నిమిరారు. నలభై నిమిషాలు. ఆ ట్రిప్‌లో అమ్మ ఇప్పటికీ అందరికీ చెప్పేది అదొక్కటే. ట్రావెల్స్ బస్సులో వెళ్ళుంటే ఆ నలభై నిమిషాలు ఎవరిచ్చేవారు?

పచ్చడిజాడీ
ఇరవై రెండు లీటర్ల కథ చదివి మా అత్తగారికి వినిపించాను, దాణా ఏం పెడతారో కనుక్కోమన్నారు.

బాసెల్_బాబు
తొమ్మిదేళ్ళుగా స్విట్జర్లాండ్‌లోనే ఉంటున్నాను, ఏటా మనవాళ్ళు వస్తుంటారు కాబట్టి కొన్ని చెప్పాలి.

ఆదివారం దుకాణాలు మూసేస్తారు. పెద్ద స్టేషన్లలో ఉన్నవి తప్ప ఊళ్ళో పాలు కూడా దొరకవు. శనివారమే కొనిపెట్టుకోండి.

మంచినీళ్ళు కొనకండి. కుళాయి నీళ్ళు, వీధుల్లో కనపడే ఫౌంటెన్ల నీళ్ళు తాగొచ్చు. తాగకూడని చోట "కైన్ ట్రింక్‌వాసర్" అని బోర్డు ఉంటుంది. జ్యూరిక్ ఒక్క నగరంలోనే 1,200కు పైగా ఫౌంటెన్లు ఉన్నాయి.

రాత్రి పది తర్వాత అపార్ట్‌మెంట్లో గట్టిగా మాట్లాడకూడదు. రైల్లో స్పీకర్ పెట్టి వీడియో కాల్ చేస్తే ఎవరో ఒకరు వచ్చి చెప్తారు. అవమానంగా తీసుకోవద్దు, వాళ్ళలో వాళ్ళు కూడా అలాగే చెప్పుకుంటారు. టిఫిన్ హాల్లో మధ్యాహ్నానికి డబ్బాలు నింపుకోవడం మాత్రం దయచేసి వద్దు. ఒకరు చేసిన పనికి తర్వాత వచ్చే పదిమందిని అనుమానంగా చూస్తున్నారు, నేను కళ్ళారా చూశాను.

సామాను విషయంలో చాలామంది దొరికిపోయేది నెయ్యి దగ్గర. ఐరోపా బయటి దేశాల నుంచి మాంసం, పాలతో చేసినవి తేకూడదు. అంటే నెయ్యి, పాలకోవా, నాటుకోడి పచ్చడి అన్నీ బయటే. పచ్చి కరివేపాకు కూడా కుదరదు. ఆవకాయ, కారప్పొడి, పులిహోర పేస్టు, బియ్యం, పప్పు ఫర్వాలేదు.

విశాఖ_అల
@బాసెల్_బాబు అవమానంగా తీసుకోవద్దంటున్నారు, కానీ మా నాన్నగారు రైల్లో మామూలుగా మాట్లాడుతుంటేనే ఒకావిడ వేలు పెదవుల మీద పెట్టి చూపించింది. ఆయన మిగతా ప్రయాణమంతా నోరు విప్పలేదు. మనుషులు పలకరించని ఊరు పెద్దవాళ్ళకు ఎంత అందంగా ఉంటే ఏం లాభం?

బాసెల్_బాబు
మీ నాన్నగారి సంగతి చదివితే నిజంగా కష్టంగా ఉంది. కొన్ని రైళ్ళలో నిశ్శబ్దంగా ఉండాల్సిన బోగీలు వేరే ఉంటాయి, ఫస్ట్ క్లాసులో ఉంటాయి అవి, బహుశా అందులో కూర్చున్నారేమో. పల్లెల్లో మాత్రం ఎదురుపడిన ప్రతివాళ్ళూ "గ్రూత్సీ" అంటారు. మనం ముందు అంటే ఇంకా సంతోషిస్తారు. పెద్దవాళ్ళకు ఆ ఒక్క మాట నేర్పండి.

ఇన్‌బ్రుక్_చందు
ఆల్ప్స్ అంటే స్విట్జర్లాండ్ ఒక్కటేనా? ఆస్ట్రియా వైపు ఎవరూ ఎందుకు చూడరు! నేను ఇక్కడ ఇన్‌బ్రుక్‌లో చదువుకుంటున్నాను. ఊరి మధ్యలో రైలెక్కితే అరగంటలో హాఫెలెకార్ కొండ దాకా వెళ్ళొచ్చు, శిఖరానికి కాస్త కింద, 2,256 మీటర్ల దగ్గర ఆపుతుంది కేబుల్ కారు. బయట భోజనం స్విస్ ధరతో పోలిస్తే చాలా తక్కువ. ట్సెల్ అమ్ సే అనే ఊరి వైపు వేసవిలో చాలా బసల్లో ఇచ్చే సమ్మర్ కార్డుతో లిఫ్టులు, పడవ అన్నీ అందులోనే వచ్చేస్తాయి. కారు తోలేవాళ్ళుంటే గ్రోస్‌గ్లాక్నర్ కొండ దారి, 1935లో తెరిచిన రోడ్డు, మే నుంచి నవంబరు మొదటి వారం దాకానే తెరిచి ఉంటుంది.

కానీ హాల్‌స్టాట్‌కి మాత్రం మధ్యాహ్నం వెళ్ళకండి. ఎనిమిదొందల మంది కూడా లేని ఊరు, బస్సులు దిగితే సంక్రాంతికి బస్టాండ్ లాగా ఉంటుంది.

రైలుపిచ్చి
ఆస్ట్రియా చవకే, ఒప్పుకుంటాను. కానీ మోకాళ్ళ నొప్పులతో మంచు దగ్గరగా చూడాలంటే స్విస్ రైళ్ళకు సాటి లేదు. యుంగ్‌ఫ్రావ్ రైలునే చూడండి, 1896లో తవ్వడం మొదలుపెట్టి 1912లో పైకి చేర్చారు. తొమ్మిది కిలోమీటర్ల చిల్లర లైన్లో ఏడు కిలోమీటర్లకు పైగా ఐగర్, మోంఖ్ కొండల కడుపులోంచి సొరంగం. ఆ ఆలోచన చేసిన గుయర్ ట్సెల్లర్ 1899లోనే పోయాడు, పైస్టేషన్ చూడలేదు. 3,454 మీటర్ల దగ్గర రైలు దిగుతామంటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

@మియాపూర్_మామ అయితే నాన్నగారి బీపీ సంగతి డాక్టర్ని అడగకుండా అక్కడికి తీసుకెళ్ళొద్దు. రెండు గంటల్లో అంత ఎత్తుకు చేరుస్తారు, ఒంటికి అలవాటయ్యే టైమ్ ఉండదు. కుర్రాళ్ళకే తలనొప్పి వస్తుంది. ఆయనకు రిగి కొండ చాలు, 1,798 మీటర్లు. 1871లో మొదలైన లైను, ఐరోపాలోనే మొదటి పళ్ళ చక్రాల కొండ రైలు, ట్రావెల్ పాస్‌లో పూర్తిగా ఉచితం. యుంగ్‌ఫ్రావ్‌కి ఆ పాస్ మీద 25 శాతమే తగ్గింపు, అదీ గ్రిండెల్‌వాల్డో వెంగెనో దాటాక ఉన్న దూరానికి. పాస్ ఉంటే అన్నీ ఉచితమనుకుని చాలామంది అక్కడ కంగారు పడతారు.

శ్రావణమేఘం
2008లో రోన్ హిమానీనదం దగ్గరికి వెళ్ళాను, పోయినేడాది మళ్ళీ వెళ్ళాను. మొదటిసారి నిలబడ్డ చోట ఇప్పుడు రాయి ఉంది, నీళ్ళున్నాయి. మంచు గుహ కరిగిపోకుండా దాని మీద తెల్లటి దుప్పట్లు కప్పారు. దగ్గరికి వెళ్తే ఆ గుడ్డలు చిరిగి, మట్టి పట్టి, కింద నుంచి బొట్లు బొట్లుగా కారుతున్నాయి. ఆసుపత్రిలో మనిషిని చూసినట్టనిపించింది. 2022, 2023 రెండేళ్ళలోనే స్విస్ హిమానీనదాల మంచులో పదోవంతు పోయింది. 2025 మే 28న లోచెన్ లోయలో బ్లాటెన్ అనే ఊరు హిమానీనదం కూలి దాదాపు మొత్తం మట్టికింద పోయింది, ముందే ఖాళీ చేయించారు కాబట్టి ఒక్కరు తప్ప జనం బతికారు. చూడాలనుకున్నవాళ్ళు వాయిదా వేయొద్దనే అంటాను.

సంచారి
@శ్రావణమేఘం కరిగిపోతోందని చెప్పి విమానమెక్కి చూడ్డానికి వెళ్తే ఇంకా కరగదా?

శ్రావణమేఘం
కరుగుతుంది. ఆ ప్రశ్న నన్నూ వదలడం లేదు. అందుకే పదేళ్ళకోసారి వెళ్ళి పది రోజులుండడం, ఏటా నాలుగు రోజులకు ఎగరడం కంటే నయమని అనుకున్నాను. అంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

పచ్చడిజాడీ
తిండి దగ్గర ఎవరూ ఆగలేదు! హోటల్లో పప్పూ అన్నం ఒక ప్లేటు పాతిక ఫ్రాంకులు. ఐదుగురు రెండు పూటలు తింటే జేబు ఖాళీ. వంటగది ఉన్న ఇల్లు తీసుకోండి. పొద్దున్నే అన్నం వండి పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుంటే కొండ మీద బెంచీపై కూర్చుని తినొచ్చు, ఆ రుచే వేరు. పెరుగు అక్కడి కోప్, మిగ్రోస్ సూపర్‌మార్కెట్లలో చాలా బాగుంటుంది. ఉప్మా రవ్వ, చింతపండు, పోపుడబ్బా మాత్రం మర్చిపోవద్దు.

ఓరుగల్లుపిల్ల
అక్కా, ఆ పొద్దున్నే లేచి అన్నం వండేది ఎవరు? మా ట్రిప్‌లో నేనూ అమ్మానే. మగవాళ్ళు బాల్కనీలో కాఫీ తాగుతూ కొండలు చూశారు. డబ్బు మిగులుతుంది నిజమే, కానీ ఆడవాళ్ళకు సెలవు లేని సెలవు అవుతుంది. ఈ మాట ఏ ఖర్చుల లెక్కలోనూ రాదు కాబట్టి రాస్తున్నాను.

లెక్కలమాస్టారు
నా లెక్కలోనూ రాయలేదు. మా ఇంట్లో కూడా అలాగే జరిగింది. మంచి మాట చెప్పారమ్మా.

మియాపూర్_మామ
అన్నీ రెండేసిసార్లు చదివాను. నిర్ణయం తీసుకున్నాం. పారిస్, రోమ్ అన్నీ కొట్టేశాం. యుంగ్‌ఫ్రావ్ దగ్గరి లౌటర్‌బ్రున్నెన్‌లో ఆరు రాత్రులు, లూసర్న్‌లో రెండు. నాన్న గుండె డాక్టరు పెద్ద ఎత్తులు వద్దన్నారు. వంట నేనొక రోజు, మా ఆవిడ ఒక రోజు, మూడో రోజు బయట. అమ్మకు వంటగదిలోకి ప్రవేశం లేదు. బావకు చెప్పలేదు ఇంకా.

బాసెల్_బాబు
వీసాకు ఆర్నెల్ల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు, ఇప్పుడే స్లాట్ చూసుకోండి, వేసవి దగ్గరపడితే దొరకవు. ఫీజు పెద్దవాళ్ళకు 90 యూరోలు, బాబుకు 45. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి, పెద్దవాళ్ళకు ఇంకా ఎక్కువకే తీసుకోండి. నాన్నగారి బీపీ దాచకుండా రాయండి, దాచితే క్లెయిమ్ రాదు. యూరప్ సిమ్ కొంటే స్విట్జర్లాండ్ అందులో ఉందో లేదో చూడండి, ఇది యూరోపియన్ యూనియన్‌లో లేదు.

రైలుపిచ్చి
మేలో జలపాతాలు నిండుగా ఉంటాయి. స్టౌబాఖ్ జలపాతం, దాదాపు 300 మీటర్లు, స్టేషన్ నుంచి పది నిమిషాలు చదునైన రోడ్డే. ట్రుమ్మెల్‌బాఖ్ జలపాతానికి మాత్రం లిఫ్టు ఉంది కదా అని అమ్మగారిని తీసుకెళ్ళొద్దు, లిఫ్టు తర్వాత తడి మెట్లు చాలా ఉన్నాయి. పై కొండల్లో నడక దారులు మేలో ఇంకా మంచు కిందే ఉంటాయి.

మియాపూర్_మామ
వచ్చేశాం, నాలుగు రోజులైంది. రాయకపోతే బాగుండదని రాస్తున్నాను.

ముందు చెడ్డవి. రెండు రోజులు పూర్తిగా వాన. స్టేషన్లో బాత్రూమ్‌కి ఫ్రాంకున్నర, లోపల నీళ్ళుండవు, అమ్మకు అది మొదట్నుంచి చివరిదాకా ఇబ్బందే. రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుగు, బాబు నిద్రపోడు. ఒకసారి రైలు మారడానికి నాలుగు నిమిషాలే ఉండి, నాన్నను చేయిపట్టి లాక్కెళ్ళాల్సి వచ్చింది, తర్వాతి రైలు అరగంటలో ఉందని తెలిసీ కంగారు పడ్డాను. అది నా తప్పే, ఆయనకు ఆ రోజంతా ఆయాసం తగ్గలేదు. మొత్తం ఖర్చు తొమ్మిది లక్షల యాభై వేలు.

యుంగ్‌ఫ్రావ్ మేము ముగ్గురమే వెళ్ళాం. వెబ్‌క్యామ్ చూసి నాలుగో రోజు పొద్దున్నే. అలెచ్ హిమానీనదం కళ్ళ ముందు రహదారిలా పడుకుని ఉంది, బాబు ఐదు నిమిషాలు మాట్లాడలేదు, వాడు అంతసేపు నోరు మూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు అమ్మానాన్నలు ఇద్దరే కేబుల్ కారులో గ్రూచాల్ప్ ఎక్కి, అక్కడి నుంచి చిన్న రైలు పట్టుకుని మ్యూరెన్ వెళ్ళొచ్చారు. నాన్న జేబులో నేను రాసిచ్చిన చీటీ. సాయంత్రం వచ్చేసరికి ఆయన మొహం చూడాలి, పెళ్ళయ్యాక మొదటిసారి ఇద్దరం ఎవరి తోడూ లేకుండా తిరిగాం అన్నారు. బండ్లు లేని ఊళ్ళో చేతులు వెనక్కి కట్టుకుని నడిచారట. కనపడిన ప్రతి ఫౌంటెన్ దగ్గరా నాన్న సీసా నింపాడని అమ్మ ఫిర్యాదు.

ఆదివారం పాలు అయిపోయాయి, బాసెల్ బాబు గారు చెప్పినా మర్చిపోయాం. కింద ఇంటి యజమానురాలు, డెబ్బై దాటినావిడ, గిన్నెలో పాలు పోసిచ్చింది. ఖాళీ గిన్నె తిరిగివ్వడం ఏమిటని అమ్మ వంటగది నిషేధం తెంచేసి సేమ్యా పాయసం చేసి పంపింది. మర్నాడు ఆవిడ అదే గిన్నెలో రుబార్బ్ కేక్ పెట్టి మెట్లెక్కి వచ్చింది. మళ్ళీ ఖాళీగా ఇవ్వలేక అమ్మ పులిహోర. మేం ఖాళీ చేసే రోజు దాకా ఆ గిన్నె ఖాళీగా తిరగలేదు.

ఓరుగల్లుపిల్ల
ఆ గిన్నె ఇప్పుడు ఎవరి దగ్గరుంది?

మియాపూర్_మామ
ఆవిడ దగ్గరే. చివర్లో అమ్మ అందులో పెసరపప్పు పోసి, ఎలా వండాలో చేతులతో చూపించి వచ్చింది.

విశాఖ_అల
మీ నాన్నగారు మాట్లాడారు కదా అక్కడ, అది చదివి సంతోషం వేసింది. సెప్టెంబరులో మా వాళ్ళను ఇంకోసారి తీసుకెళ్ళనా అని ఆలోచన వస్తోంది. వానలు తక్కువేనా?

బాసెల్_బాబు
వాన ఎప్పుడైనా రావచ్చు, కానీ సెప్టెంబరులో గదులు చల్లగా ఉంటాయి, ఫ్యాన్ అవసరం రాదు. వేసవంతా పైన మేసిన ఆవులకు పూలు కట్టి ఊళ్ళోకి దించేది కూడా అప్పుడే. నవంబరు మాత్రం వద్దు, చాలా కేబుల్ కార్లు మరమ్మతులకు ఆపేస్తారు.

పచ్చడిజాడీ
@మియాపూర్_మామ మేం ఆగస్టులో వెళ్తున్నాం. రైస్ కుక్కర్ ప్లగ్ అక్కడ పడుతుందా?

మియాపూర్_మామ
మన లావు మూడు పిన్నులది పట్టదు, ఫోన్ చార్జర్ల సన్న రెండు పిన్నులది పడుతుంది. అక్కడి మూడు రంధ్రాల అడాప్టర్ నా దగ్గర రెండున్నాయి. ఇటువైపు వస్తే తీసుకెళ్ళండి.